ఏడో రోజున విప్పిన కట్టు

"చేప తోలా? నా మేనకోడలికా?"

కాలిన గాయాల వార్డు గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నవాడికి చేపల కొట్టు ఉంది. పదేళ్ళుగా రోజూ బుట్టలకొద్దీ తోలు ఒలిచి చెత్తలో పారేసిన చెయ్యి అతనిది. అదే తోలు ఆరేళ్ళ పాప కాలికి అతికిస్తామంటే ఎలా ఊరుకుంటాడు?

కట్లు కట్టే నర్సు తలెత్తకుండానే అంది. "మీ కొట్లో తోలు కాదండీ. చేప కణాలన్నీ తీసేసి, క్రిములు లేకుండా శుద్ధి చేసి ఎండబెట్టింది."

"చేపల సంగతి నాకు చెప్తారా?"

"చేపల సంగతి మీరు చెప్పండి, వింటాను. కాలిన పుండు సంగతి నేను చెప్తాను, మీరు వినండి. ముందు ఆ చెప్పులు బయట విడవండి."

విడిచాడు.

మరిగే నీళ్ళు పడి పాపకు మోకాలి నుంచి తొడదాకా కాలిపోయి మూడు రోజులైంది. రోజూ కట్టు మార్చేటప్పుడు పాప పెట్టే కేకలు వరండా చివరిదాకా వినిపించేవి. ఆ కాసేపూ మేనమామ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

నర్సు గడువు దాటిన తోలు ముక్కొకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు.

"చలినీళ్ళ చేప."

"ఎలా చెప్పారు?"

"పొలుసు ఊడిన గుర్తులు చూడండి, ఎంత చిన్నవో."

అప్పుడు మొదటిసారి ఆమె తలెత్తి అతన్ని చూసింది. చూసింది చేపలవాణ్ణి కాదని అతనికి ఎందుకో అనిపించింది.

"దీన్ని అతికిస్తే రోజూ విప్పక్కర్లేదు. వారందాకా ముట్టుకోం. పాప కణాలే దీంట్లోకి పాకుతాయి, ఇది మెల్లగా ఒంట్లో కలిసిపోతుంది."

"అందరికీ పడుతుందా?"

"చాలామందికి పడుతుంది. అందరికీ అని అబద్ధం చెప్పను."

ఆ చివరి మాటకే అతను నమ్మాడు. అక్కని తీసుకొచ్చి సంతకం పెట్టించాడు. మర్నాడు పాపకు మత్తిచ్చి, డాక్టరుగారు ఆ తోలు పరిచారు.

ఇక ఆ వారం అతనికి గడవలేదు. పూటకోసారి కొట్టు మూసి ఆసుపత్రికి పరుగు. కేకలు ఆగిపోయినా అతని నడక ఆగలేదు.

దానికి తోడు ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. వార్డులో అందరినీ 'సిస్టర్' అని పిలిచేవాడికి ఆమె ఎదురైతే ఆ పిలుపు చేపముల్లులా గొంతులో అడ్డం పడుతోంది. ఏం పిలవాలో తోచక ఓ మధ్యాహ్నం "ఏవండీ" అనేశాడు.

అక్క విననే విన్నది. "ఏరా, మిగతావాళ్ళంతా సిస్టర్లు, ఆవిడొక్కతే ఏవండీనా?"

ఆరో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. నర్సు డ్యూటీ దిగి పోర్టికోలో నిలబడింది. అతను అక్కడా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నేల అరిగిపోతోందండీ. ఒక్కచోట నిలబడరా?"

నిలబడ్డాడు. వాన వంక చూస్తూ చెప్పేశాడు.

"ఆ నీళ్ళగిన్నె కింద పెట్టింది నేనే. కత్తులు కడగడానికి కాచాను. ఫోన్ మోగితే వదిలేసి వెళ్ళాను. అక్కకి మాత్రం, పాపే పొయ్యి మీంచి లాక్కుందని చెప్పాను."

ఆమె అతని వైపు తిరిగింది.

"ఇది నాకు చెప్పాల్సిన మాట కాదు."

"చెప్తే అక్క నా మొహం చూడదు."

"చూడకపోవచ్చు. అయినా చెప్పండి. చెప్పేదాకా నాతో మాట్లాడకండి."

అంటూనే వానలోకి నడిచి వెళ్ళిపోయింది.

కట్టు విప్పే రోజు పొద్దున్నే అక్కని వరండాలో ఆపాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"తెలుసురా," అంది అక్క. "పాప మొదటి రోజే చెప్పింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"కోపం లేదా అక్కా?"

"ఉంది. ఇంకా చాలా రోజులుంటుంది. ముందెళ్ళి దాని చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాడు. నర్సు పొర పొరగా కట్టు విప్పింది. తోలు చాలామటుకు పుండులో కలిసిపోయింది. అంచుల నుంచి లేత గులాబీ రంగు చర్మం పాకుతోంది. తొడ మీద ఒక్కచోట పట్టలేదు. అక్కడ ఇంకో ముక్క వెయ్యాలన్నారు డాక్టరుగారు.

"మామయ్యా, నాకు ఈత వచ్చేస్తుందా?" అంది పాప.

"నేర్చుకుంటేనే వస్తుంది," అంది నర్సు.

ట్రే పట్టుకుని ఆమె బయటికొస్తే వెనకే వచ్చాడు.

"చెప్పారా?"

"చెప్పాను. కోపం ఉందంది. ఇంకో మాట కూడా చెప్పాలి."

"అక్కకా?"

"మీకు."

"నాకు చేప వాసన పడదండీ," అంది ఆమె. అతను ఓ అడుగు వెనక్కి వేశాడు. "అయినా నాలుగు రోజులుగా ఆ వాసన రాకపోతే గడియారం చూసుకుంటున్నా, ఈయన ఇంకా రాలేదేమిటా అని."

లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్, పాప అడుగుతోంది. ఆవిణ్ణి అత్తా అని పిలవొచ్చా?"

నర్సు చెవులు ఎర్రబడ్డాయి. ట్రే ఓ చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ముందు మోకాలు మడిచి చూపించమనండి. అప్పుడు పిలవనిద్దాం."

ఇద్దరూ గుమ్మంలోంచి తొంగిచూశారు. పాప పళ్ళు బిగించి, దుప్పటి గుప్పిట పట్టుకుని, నెమ్మదిగా మోకాలు మడిచింది.