ఇరోస్ కజ్జికాయలు

"ఏమే లీలా, ఈ కజ్జికాయల అంచులు ఏమయ్యాయి?"

రత్నం పళ్ళెం ఎత్తి చూసింది. అది ఇరుగుపొరుగుకు పంచే క్రిస్మస్ పళ్ళెం. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో వాళ్ళ పళ్ళెం ఏటా ముందు వెళ్ళేది పక్క క్వార్టర్ శేషమ్మగారికే. ఈసారి ఒక్క కజ్జికాయకీ అంచు సరిగ్గా లేదు.

లీలావతి గబగబా మూతి తుడుచుకుంది. కరకరలాడే అంచులంటే లీలకు ప్రాణం. లోపలి కొబ్బరి జోలికి మాత్రం పోలేదు, పాపం!

"అది డిజైన్ అమ్మా. ఇంగ్లీషులో ఇరోస్ అంటారు. మా సరోజిని టీచర్ చెప్పారు."

టీచర్ చెప్పిన మాట నిజమే. కొన్ని ఆకుల అంచులు ఎవరో కొరికినట్టు వంకరటింకరగా ఉంటాయి. అలాంటి అంచును ఇరోస్ అంటారు. కొరకడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందది. ఎలుకల జాతికి రోడెంట్ అన్న పేరు కూడా అక్కణ్ణుంచే వచ్చింది. ఈ కొరుకుడు సంగతి మాత్రం లీల అమ్మకు చెప్పలేదు.

"ఇంగ్లీషు డిజైనా!" రత్నం మురిసిపోయింది. కూతుర్ని వెంటబెట్టుకుని పక్కింటికి బయల్దేరింది.

శేషమ్మగారికి ఎంగిలి అంటే అస్సలు గిట్టదు. మంచినీళ్ళు తాగినా గ్లాసుకు పెదవి తగలనివ్వరు.

"పిన్నిగారూ, ఇరోస్ కజ్జికాయలు! మా లీల స్కూల్లో నేర్చుకుంది" అంది రత్నం గొప్పగా.

"అచ్ఛా! ఏదీ, చూద్దాం." శేషమ్మగారు ఒకటి తీసి నోటిదాకా తెచ్చారు.

లీల చటుక్కున ముందుకు దూకింది.

"తినకండి మామ్మగారూ! ఎంగిలి! అంచులు నేనే కొరికేశాను!"

శేషమ్మగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రత్నానికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"మరి ఇరోస్ అంటే ఏంటే?" అని కూతుర్ని నిలదీసింది.

"ఎలుక కొరికినట్టు ఉండేది అని. ఆ ఎలుకను నేనే మామ్మగారూ."

"ఓసి నీ ఇంగ్లీషు పాడుగానూ!" శేషమ్మగారు కుళాయి దగ్గరికి పరుగెత్తి, సబ్బుతో చెయ్యి రుద్ది రుద్ది కడుక్కున్నారు.

సాయంత్రం మళ్ళీ స్టవ్ వెలిగింది. కొత్త కజ్జికాయల అంచులన్నీ లీలే నొక్కింది. వేళ్ళు నొప్పెట్టాయి. నోరూరింది. అయినా ఒక్కటీ రుచి చూడలేదు.

పళ్ళెం తనే పట్టుకెళ్ళింది. శేషమ్మగారు అడగకముందే చెప్పేసింది.

"మామ్మగారూ, ఇదిగో, దీని అంచు విరిగింది. నూనెలో విరిగింది. నేను కొరకలేదు."

"సచ్చీ? నిజంగానా?"

"సచ్చీ, మామ్మగారూ."

శేషమ్మగారు లీల ముఖంలోకి ఒకసారి చూశారు. బాగున్నవన్నీ పక్కకు జరిపి, ఆ అంచు విరిగినదాన్నే తీసుకుని కరకరా నమిలేశారు.