లిఫ్ట్ ఎక్కిన మెకానిక్

"అరవకండి డాక్టరుగారూ! మీరు అరిస్తే లిఫ్ట్ కదలదు, నా చెయ్యి వణుకుతుంది."

"ఎంతసేపట్నుంచి ఇరుక్కున్నానో తెలుసా? అరవక పాట పాడమంటారా?"

"పాడండి. పని తొందరగా అవుతుంది."

పళ్ళ డాక్టరమ్మకీ లిఫ్ట్ మెకానిక్‌కీ పరిచయం అలా జరిగింది. తలుపు తెరుచుకోగానే ఆమె ఒంటికాలి మీద లేచింది. అతను నవ్వేసి, సంచీ భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచాడు.

"మీరు బాగుచేసింది మీరే ఎక్కరా?"

"ఎక్కనండీ. ప్రతి అంతస్తులోనూ దాని చప్పుడు వినాలి. లోపల కూర్చుంటే ఏం వినపడుతుంది?"

వారం తిరక్కుండానే మూడో అంతస్తులోని ఆమె క్లినిక్‌లో ప్రత్యక్షమయ్యాడు. చిగుళ్ళ నుంచి రక్తమట. ఆమె పళ్ళు శుభ్రం చేసి, "అంట్లు తోమినట్టు తోముతున్నారు! మెత్తటి బ్రష్ కొనుక్కోండి" అని ఏకిపారేసింది.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. తగ్గలేదన్నాడు.

రిసెప్షన్ చూసుకునే పిన్ని ముసిముసిగా నవ్వింది. "చిగుళ్ళ కోసం ఇన్నిసార్లు ఎవరొస్తారే? పిచ్చిమొహమా, నీ కోసం!"

డాక్టరమ్మ పైకి విసుక్కుంది. లోపల మాత్రం ఎంత మురిసిపోయిందో ఆమెకే తెలుసు. ఆ మురిపెంలో అతని నోట్లోకి ఓసారి తొంగిచూసి, పుక్కిలించే మందు రాసిచ్చి పంపేసింది.

మూడోసారి వచ్చిన రోజు జోరున వాన.

"ఈసారి ఏ వంక?" అంది గ్లోవ్స్ తొడుక్కుంటూ.

"వంక కాదండీ. పొద్దున లేస్తే దిండంతా రక్తం. ఒక పన్ను కూడా కదులుతోంది, పీకేయండి."

పిన్ని తలుపులోంచి తొంగిచూసింది. "అన్నట్టు ఈ అబ్బాయి ఇవాళ లిఫ్ట్‌లో వచ్చాడే! వానకి బద్ధకం కాబోలు."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మెట్లెందుకు ఎక్కలేదు?"

"సగం ఎక్కేసరికే ఆయాసం వచ్చేసింది. పని ఎక్కువైంది లెండి."

ఆమె లైటు దగ్గరికి లాగింది. ఈసారి డాక్టరులా చూసింది. గార లేదు, పాచి లేదు. అయినా చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పొంగుకొచ్చాయి. అంగిలి మీద సన్నటి ఎర్రచుక్కలు. పెదవి లోపల రంగే లేదు. చొక్కా చెయ్యి పైకి మడవమంది. మోచేతి కింద పెద్ద నల్లమచ్చ.

"ఎక్కడ తగిలింది?"

"గుర్తు లేదండీ."

వెంటనే పన్ను పీకే పట్టకారు పక్కన పెట్టేసింది.

"ఇవాళ పన్ను పీకను. రక్తం ఆగకపోతే ప్రమాదం. ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి."

అతని ముఖం చిన్నబోయింది. "నన్ను వదిలించుకోవాలంటే నేరుగా చెప్పొచ్చుగా. ఇక రానులెండి."

"నోర్మూసుకోండి!" అందామె. "మీరు నా కోసం వస్తున్నారనుకుని, మీ చిగుళ్ళు సరిగ్గా చూడనేలేదు నేను. తప్పు నాది. ఇది బ్రష్ వల్ల వచ్చింది కాదు. రక్తానికి సంబంధించిన జబ్బేమోనని భయంగా ఉంది."

"అంటే?"

"నోరు చూసి తేల్చలేను. కానీ బ్లడ్ కాన్సర్ ఒక్కోసారి ముందు నోట్లోనే బయటపడుతుంది. కాకపోతే మంచిదే. కానీ తెలుసుకోవాలి."

అతను మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"మీ కోసమే వచ్చానండీ," అన్నాడు చివరికి. "రక్తం కూడా నిజమే."

పిన్ని క్లినిక్ మూసేసింది. అతన్ని మెట్లు దిగనివ్వకుండా ఇద్దరూ చెరోపక్క నిలబడి లిఫ్ట్‌లో తీసుకెళ్ళారు. హాస్పిటల్‌లో ఆ రాత్రే చేర్చుకున్నారు. మర్నాడు హాస్పిటల్ డాక్టరు ఆమెకి ఫోన్ చేశాడు.

"మీ అనుమానం నిజమే. పన్ను పీకి ఉంటే రక్తం ఆపడం కష్టమయ్యేది. మంచిపని చేశారు."

ఆమె ఫోన్ పెట్టేసి, పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత నెలల తరబడి మందులు. జుట్టు ఊడింది, నోరంతా పూసింది. సాయంత్రాలు ఆమె మాస్కు కట్టుకుని హాస్పిటల్‌కి వచ్చేది. దూరంగా కూర్చుని, వాళ్ళమ్మకి అతని నోరు ఎలా శుభ్రం చెయ్యాలో చూపించేది. ఒకరోజు ఆ తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వీడికి నయమైతే నీ దగ్గరికే పంపిస్తానమ్మా. మళ్ళీ నాకు తిరిగివ్వక్కర్లేదు."

చికిత్స ముగిశాక ఒక మధ్యాహ్నం, క్లినిక్ దగ్గర లిఫ్ట్ బాగానే నడుస్తోంది. అయినా మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ, పైకొస్తోంది. డాక్టరమ్మ పరుగున గుమ్మంలోకి వచ్చింది. నెత్తిన టోపీ, చెమటలు కారుతున్న మొహం, ఒక చెయ్యి గోడ మీద.

"మూడంతస్తులూ ఎక్కానండీ," అన్నాడు రొప్పుతూ. "జబ్బు మందులకి లొంగిందన్నారు. పరీక్షలకి మాత్రం వెళ్తూనే ఉండాలట."

ఆమె గుమ్మం పక్కకి తప్పుకుని దారిచ్చింది. "ఈసారి ఏ వంకతో వచ్చారు?"

"వంకేం లేదండీ. రక్తం రావట్లేదు."

అలవాటుగా పేషెంట్ కుర్చీ వైపు కదిలాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కడ కాదు. మీ పళ్ళు ఇంక వేరే డాక్టరు చూస్తారు. నాకు మీరు కావాలి."

పిన్ని కళ్ళు తుడుచుకుంటూ ఇంకో కుర్చీ తెచ్చి, డాక్టరమ్మ కుర్చీ పక్కనే వేసింది.