కోడలి పేరు మీది మిషను

ఆ పొద్దు కూడా భద్రమ్మ చీకటితోనే లేచి, వాకిలి ఊడ్చి, సంకటికి ఎసరు పెట్టింది. గుత్తిలో వాళ్ళకు వేరుశనగ కాయలు ఒలిచే మిషను ఉంది. రెండేళ్ళుగా వానల్లేక మిషనుకు పని తగ్గింది గానీ, ఆమె చాకిరికి మాత్రం కరువు రాలేదు. భర్త పోయినప్పటినుంచీ మిషను దగ్గర దుమ్ము తినేదీ ఆమే, ఇంట్లో వండి వార్చేదీ ఆమే.

మామ హనుమంతప్ప, మరిది ఓబుళేసు ముందురోజు అనంతపురం వెళ్ళి ఆడిటరును కలిసొచ్చారు. వచ్చినప్పటినుంచీ ఇద్దరి ముఖాల్లోనూ కళ లేదు.

సంకటిలో ఊరిబిండి పచ్చడి నంజుకుంటూ ఓబుళేసు నసిగాడు.

"వదినా, కాయలు పండిన ఏడాదికి పన్ను ఇప్పుడేసినారు. మిషను ఏటేటా అరుగుతాది గదా, ఆ తరుగు లాభంలో తీసేసి మిగిలినదానికే పన్ను కట్టొచ్చంట. మనకు ఆ తరుగు ఒప్పుకోలేదు."

"ఎందుకొప్పుకోరప్పా? అరిగేది నిజమే గదా! బెల్టు తెగినప్పుడల్లా కుట్టించేది నేనే."

"మిషను నీ పేరు మీద ఉండాది. యాపారం నాయన పేరు మీద ఉండాది. ఒకరి మిషను తరుగు ఇంకొకరి లెక్కలో రాయకూడదంట."

నిజమే. కొనేటప్పుడు జాతకాలు చెప్పే అయ్యవారు అందరి పేర్లూ చూసి, ఈ ఇంట్లో ఇనుముకు పెద్దకోడలి పేరే కలిసొస్తుందన్నాడు. హనుమంతప్ప సంబరంగా బిల్లు ఆమె పేరున రాయించి కొబ్బరికాయ కొట్టాడు. పేరుబలం పన్ను ఆఫీసుకు పట్టదని పాపం ఎవరికి తెలుసు!

"అయిందానికి కట్టక తప్పదు. ఇంకమీదనైనా తరుగు రావల్లంటే, మిషను నాయనకు రాసియ్యి. ఒక్క సంతకమే," అన్నాడు ఓబుళేసు.

ఇన్నేళ్ళూ ఎదురుమాట ఎరుగని మనిషి గరిటె కింద పెట్టేసింది.

"రాసిస్తే నాకేం మిగుల్తాది?"

"ఏం వదినా, మేము అన్నం పెట్టమా?"

"పెడతారు. రేపు నీకు పెండ్లామొస్తాది. ఆ యమ్మ పొమ్మంటే నేను యాడికి పోవల్ల? ఆయన పోయినాక ఈ ఇంట్లో నాదనేది ఆ ఇనుమొక్కటే. అరిగినా అది నాదే!"

ఓబుళేసు కస్సుమన్నాడు.

"చూసినావా నాయనా, ఎంత మాటనిందో!"

"నోరు మూసుకోరా," అన్నాడు హనుమంతప్ప. కోడలి వైపు తిరిగాడు.

"ఆడిటరు రెండు దావలు చెప్పినాడమ్మా. రాయించుకునేది ఒకటి. నిన్ను యాపారంలో పాలుదారుగా చేర్చి, మిషనును నీ పెట్టుబడిగా రాసుకునేది ఇంకొకటి. అట్ల చేసినా తరుగు వస్తాదంట. ఆడమనిషికి పాలేందని బస్సులో మేమిద్దరమే తీర్మానం చేసుకొంటిమి. మిషను అరుగుతాదని ఆడిటరుకు చెప్పుకొంటి గానీ, నువ్వు ఎంత అలిసిపోయినావో నేను చూడనే లేదు తల్లీ."

భద్రమ్మకు ఏడుపు ఆగలేదు. ఆమె అలసట గురించి ఆ ఇంట్లో ఒకరు మాట్లాడటం అదే మొదలు. ఆ ఏడుపు చూసి ఓబుళేసు తల వంచుకున్నాడు.

"తప్పైపోయింది వదినా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా పాలు ఎంత, మామా?"

"మాతో సమానం."

భద్రమ్మ ఇంకో కంచం తెచ్చుకుంది. మగవాళ్ళు తిని లేచేదాకా ఆగకుండా, మామకు ఎదురుగా కూర్చుని సంకటి పెట్టుకుంది. ఊరిబిండి గిన్నెను ఓబుళేసే ఆమె వైపు జరిపాడు.