నల్ల తెరలో చిరుగు

పగలు పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలు...

అర్ధరాత్రి పేరు చెబితే వణికేవాళ్లు మిట్టమధ్యాహ్నాన్ని లెక్కచేయరు. అదే పొరపాటు! మనిషి నీడ సైతం భయపడి కాళ్ల కింద దాక్కునే ఆ భీకర ఘడియలో, మబ్బుతునక లేని ఆకాశం ఫెళఫెళమని ఉరిమింది. ఆ పాత మేడ వెనక, చెట్టు తొర్రలోంచి పట్టపగలే గుడ్లగూబ అరిచింది... ఒకసారి... రెండుసార్లు... మూడోసారి నోరు తెరిచి, ఎవరో గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది.

మేడ లోపల అద్దాల గదిలో కటిక చీకటి. దీపపు కుందెలో ఒకే ఒక్క వత్తి మిణుకుమంటోంది. ఆ వెలుగులో, పీట మీద ఒక కపాలం పళ్లికిలించి నవ్వుతోంది! దాని ఎదుట కుర్చీలో కూర్చున్న స్త్రీ కళ్లు తెల్లగా తిరిగిపోయాయి. జుట్టు గాలి లేకుండానే లేచి ఆడుతోంది. ఆమె నోట రెండు గొంతులు ఒకేసారి మూలుగుతున్నాయి. ఆ రెండింటిలో ఒకటే ఆమెది.

"తలుపు తియ్యండి! ఎవరైనా తలుపు తియ్యండి!" అంటూ ఆమె భర్త అదే గదిలోంచి పిడికిళ్లు పగిలేలా తలుపు బాదుతున్నాడు.

బయట గేటు దగ్గర జనం పోగయ్యారు. వాళ్ల మాటలు లోపలికి స్పష్టంగా వినిపిస్తున్నాయి. "లోపల సౌండు విన్నావా? అదిరిపోతోంది! రెండింటిదాకా ఆగాలంటే ప్రాణం పోతోందిరా బాబూ!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

తలుపు బాదుతున్న మనిషిని ఊళ్లో అందరూ ఆపరేటర్ అంటారు. థియేటర్ మూతపడి ఏళ్లయినా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు. నలభై ఏళ్ల కిందట ఈ మేడలో తీసిన భయానక చిత్రాన్ని ప్రొజెక్టర్ గది కన్నంలోంచి అతను నాలుగు వందల పన్నెండు ఆటలు చూశాడు. అందులో నాయిక కళ్లెత్తి చూస్తే, నాలుగు వందల పన్నెండోసారి కూడా అతని గుండె ఝల్లుమంది. ఆ నాయిక షూటింగ్ ఆఖరి రోజున ఈ గదిలోనే స్పృహ తప్పింది. మళ్లీ లేవలేదు. విషజ్వరం అన్నారు.

పాడుబడిన ఆ మేడను ఆపరేటర్ పట్టుబట్టి సంపాదించినప్పుడు, బట్టలు కుట్టే అతని భార్య, అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ ఇల్లాలు, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంట్లో ఒక పిచ్చి ఉన్నది చాలదా? పిచ్చికి మళ్లీ ఒక ఇల్లు కూడానా?" అంది. అని ఊరుకోలేదు, మర్నాటినుంచే చీపురు పట్టుకుని వచ్చింది.

మూడేళ్లు పట్టింది. గోడల మీద ఏడు పొరల రంగు గీకి, సినిమాలోని పాచి ఆకుపచ్చను బయటికి తీశాడు. ప్రతి మేకూ, ప్రతి గొళ్లెమూ పాత చోటికే వచ్చింది. అభిమానులకు ప్రతి ఆదివారం ఉచితంగా చూపించాలని అతని కోరిక. తను ఒంటరిగా చీకట్లో చూసి మురిసినదాన్ని నలుగురితో కలిసి చూడాలని... అంతే. ఇవాళే మొదటి ఆదివారం; గేటు తెరిచేది రెండింటికి.

ఈ మూడేళ్లలో అతనికి ఎవరో పార్సిళ్లు పంపారు. పంపినవారి చిరునామా లేదు. లోపల షూటింగ్ నాటి ఫోటోలు! ప్రతి ఫోటో వెనకా ఎర్ర సిరాతో ఒకటే వాక్యం: "ఒక్క తేడా రాకూడదు." ఎవరో తనలాంటి పిచ్చివాడే అని ఆపరేటర్ పొంగిపోయాడు. కిందటి వారం సినిమాలో వాడిన కపాలమే వచ్చింది. ప్లాస్టర్‌దే అనుకున్నాడు. టైలరమ్మ దాని పళ్లు చూసి, "దీన్ని నేను తుడవను, నువ్వే తుడుచుకో" అని దూరం జరిగింది.

ఫోటోల వల్ల ఆలుమగల మధ్య ఒకే ఒక్క పోట్లాట వచ్చింది. అద్దాల గది కిటికీకి వేసిన నల్ల తెరలో బొటనవేలంత చిరుగు ఉండాలి. సరిగ్గా పన్నెండింటికి సూర్యుడు ఎదుటి భవనం గోడ దాటి ఆ కిటికీలోకి తొంగిచూస్తాడు. ఆ చిరుగులోంచి దిగిన కిరణం కపాలం నుదుట పడుతుంది. సినిమాలో ఆ షాట్‌కు హాలంతా ఊపిరి బిగబట్టేది.

"మంచి గుడ్డను చింపమంటావేంటయ్యా? నాకు చేతులు రావు."

"సినిమాలో చిరుగుందే!"

"సినిమాలో దయ్యం కూడా ఉంది. దాన్నీ కుట్టిపెట్టనా?"

చివరికి, "చింపాను పో, కళ్లారా చూసుకో" అంది. అతను చూసి సంతోషించాడు. ఆ తర్వాత ఆ తెర వంక మళ్లీ చూడలేదు.

ఈ ఉదయం ఒక ముసలాయన వచ్చాడు. ఎండిన కొమ్మలాంటి ఒళ్లు, నిప్పుల్లాంటి కళ్లు. "ఆ సినిమాకు సెట్ వేసింది నేనే" అన్నాడు. ఆపరేటర్ కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. ముసలాయన గదిగదీ తిరిగి, గోడలు నిమిరి, కన్నీళ్లు పెట్టుకున్నాడు. "ఒక్కటే లోటు బాబూ. నాయిక కుర్చీ ఖాళీగా ఉంది. మీ ఆవిణ్ణి ఒక్క నిమిషం కూర్చోమను. కళ్లనిండా చూసుకుని వెళ్లిపోతాను" అన్నాడు.

టైలరమ్మ వద్దంది. ఆపరేటరే గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడతనికి తన నాలుక తానే కోసుకోవాలనిపిస్తోంది. ఆమె కూర్చున్న మరుక్షణం తెరలు వాటంతటవే జారాయి. తలుపులు బిగుసుకున్నాయి. ముసలాయన నేల మీద రక్తవర్ణపు వలయం గీసుకుని, అందులో కూర్చుని కళ్లు మూసి మంత్రం అందుకున్నాడు.

"ఓం హ్రీం... హ్రూం... ఫట్!"

ఆపరేటర్ మరో కుర్చీ ఎత్తి కిటికీ మీద విసిరాడు. గాజు పగల్లేదు. మూలనున్న గొడ్డలి అందుకుని తలుపు నరికాడు. నరికిన గాటు కళ్లముందే పూడుకుపోయింది! తన చేతులతో బిగించిన ప్రతి మేకూ ఇప్పుడు తనకే ఎదురు తిరిగింది. భార్య చెయ్యి పట్టి లాగబోతే ఆ చెయ్యి మంచుగడ్డలా చల్లగా, బండరాయిలా బరువుగా ఉంది.

ముసలాయన కళ్లు తెరవకుండానే వికటంగా నవ్వాడు. "గింజుకోకురా! ఇది ప్రాణాన్ని బంధించే పంజరం. కూలికి కట్టిస్తే నిలవదు... ప్రేమతో కట్టాలి! అప్పుడు నేను గీసిచ్చినట్టు ఆ సినిమా పిచ్చివాళ్లు కట్టారు. ఆ ఆడదాని ప్రాణం ఈ అద్దంలో దాచి, నలభై ఏళ్లు దాన్ని తాగుతూ బతికాను. అది ఇవాళ్టితో సరి! మళ్లీ కట్టేవాడి కోసం వెతికాను. నువ్వు దొరికావు. మేకుమేకునూ ముద్దుపెట్టుకుంటూ కట్టావు కదరా!"

ఆపరేటర్ నిలువు అద్దం వంక చూశాడు. లోపల, గాజుకు అరచేతులు ఆనించి, ఆమె! తన యౌవనమంతా ఆరాధించిన ఆ నాయిక... నలభై ఏళ్లుగా అరుస్తూనే ఉన్న నోరు... శబ్దం లేదు.

గడియారం మోగింది.

ఒకటి! వలయం భగ్గుమంది. రెండు! టైలరమ్మ దేహం విల్లులా వంగింది. మూడు!

కిరణం రాలేదు.

నాలుగు! ముసలాయన కళ్లు తెరిచాడు. "వెలుగేదిరా?! చిరుగేదిరా?!" అని గర్జించాడు. "పన్నెండో గంట కొట్టేలోగా కిరణం పడకపోతే ఈ పంజరం నన్ను మింగుతుంది! వలయం దాటితే నా తల వ్రక్కలవుతుంది! నువ్వు చింపు!"

చిరుగు ఏమైందో అర్థంకాక ఆపరేటర్ తెర దగ్గరికి పరుగెత్తి చీకట్లో తడిమాడు. చిరుగు ఉండాల్సిన చోట, వేళ్లకు సన్నటి కుట్లు తగిలాయి. నల్లగుడ్డ మీద నల్లదారం! చిరిగిన గుడ్డను చూస్తూ ఊరుకోవడం టైలరమ్మ వల్ల కాలేదు. మొగుడికి చూపించడానికి చింపింది, తర్వాత అతనికి తెలియకుండా కుట్టేసింది. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అయిదు! ఆరు!

"చింపరా!" మాంత్రికుడి గొంతు ఒక్కసారిగా తేనెలా మారింది. "ఎవరి కోసం నాలుగు వందల ఆటలు చూశావో, ఆవిణ్ణే ఈ ఒంట్లోకి దింపుతాను. నీ ఇంట్లో, నీ ఎదుట, నీ నాయిక! ఒక్క దారం తెంపు చాలు!"

ఆపరేటర్ అద్దం వైపు చూశాడు. ఆమె కళ్లెత్తింది. గుండె ఝల్లుమంది... నాలుగు వందల పదమూడోసారి. అతని గోరు దారం కిందికి దూరింది. ఆ సంగతి అతను తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఏడు!

అప్పుడు కుర్చీలోంచి, రెండో గొంతును తోసుకుంటూ, ఒక నీరసపు గొంతు వచ్చింది. "ఏమయ్యా... ఆ కుట్టు విప్పకు. కళ్లు పోయేలా కుట్టాను..."

ఆపరేటర్ గోరు వెనక్కి తీసుకున్నాడు. రెండు అరచేతులూ ఆ కుట్ల మీద ఆనించి, ఒళ్లంతా తెరకు అదిమాడు. ఎనిమిది! సూర్యుడు పూర్తిగా గోడ దాటాడు. గుడ్డ వెనక నిప్పుకణిక పెట్టినట్టు మంట! తొమ్మిది! చర్మం కమురు వాసన వేసింది. పది! "నా మాట వినరా!" మాంత్రికుడు గిలగిల్లాడుతున్నాడు. పదకొండు! అతను చేతులు తియ్యలేదు.

పన్నెండు!!

కపాలం పటాలున పేలిపోయింది! అద్దంలోంచి తెల్లని చేయి ఒకటి బయటికి వచ్చింది. నలభై ఏళ్ల నిర్బంధం, నలభై ఏళ్ల నిశ్శబ్దం, నలభై ఏళ్ల క్రోధం ఆ ఒక్క చేతిలో ప్రజ్వరిల్లుతున్నాయి. అది వలయాన్ని పిండిలా చెరిపేసి మాంత్రికుడి కంఠం పట్టుకుంది. "వద్దు... తల్లీ... వద్దు!" దొంగిలించిన ఆయుష్షంతా కాలుతున్న కాగితంలా ముడుచుకుపోతుండగా, అతన్ని అద్దంలోకి ఈడ్చుకుపోయింది. గాజు మూసుకుంది. ఆమె మాత్రం ఇవతల నిలబడి ఉంది... ఒక్క క్షణం.

ఆమె ఆపరేటర్ వంక చూడలేదు. వెళ్లి, స్పృహలేని టైలరమ్మ చెయ్యెత్తి, సూది గుచ్చుకున్న ఆ వేళ్లను కళ్లకద్దుకుంది. తర్వాత అక్కడ ఎవరూ లేరు.

తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. గేటు దగ్గర జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. "ఒన్స్ మోర్!" అని అరిచారెవరో. ఆపరేటర్ భార్యను గుండెకు హత్తుకుని, గడప మీద కూలబడి, వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ మేడ తెరిచే ఉంటుంది. నిలువు అద్దానికి మాత్రం టైలరమ్మ మందపాటి ముసుగు కుట్టేసింది. పన్నెండింటికి దాని వెనకనుంచి ఎవరో తట్టినట్టు చప్పుడొస్తే, ఆమె కుట్టుమిషను గట్టిగా తొక్కడం మొదలుపెడుతుంది.

సినిమాను కంఠతా పట్టిన అభిమాని ఒకడు మొన్న వచ్చి, ఇల్లంతా వెతికి, కిటికీ దగ్గర ఆగాడు. "అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి గానీ, ఈ తెరకు చిరుగుండాలి కదండీ?"

ఆపరేటర్ కాలిన అరచేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఉండాలండీ. మా ఆవిడ కుట్టేసింది."