గుమ్మం దాటిన బొమ్మ

ఫొటో దిగినవాళ్ళు దాన్ని చూడగానే అనే మాట ఒకటే. "అయ్యో, ఇది నేను కాదండీ!"

విని విని ఆవిడకి అలవాటైపోయింది. ఆఫీసుల్లో నలుగురినీ గడగడలాడించే మేనేజర్లు కూడా ఆవిడ స్టూడియోలో బూడిదరంగు తెర ముందు స్టూలెక్కితే బడిపిల్లలైపోతారు. భుజాలు బిగబట్టేస్తారు, ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు, దవడ ముందుకి తోస్తారు. "గడ్డం కాస్త దించండి... ఇంకాస్త... ఆఁ, అక్కడ!" అని ఆవిడ రోజంతా అంటూనే ఉంటుంది. అందుకే ఆఫీసులవాళ్ళు ఆవిడకి గడ్డం మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, తెలియనట్టే ఉంటుంది.

ఇది నేను కాదన్నవాళ్ళకి ఆవిడ దగ్గర మందుంది. కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి బొమ్మని అటుదిటు తిప్పేస్తుంది. కుడి ఎడమైపోతుంది, ఎడమ కుడైపోతుంది. "ఇదీ... ఇదీ నేనంటే!" అని వాళ్ళ ముఖాలు చాటంతవుతాయి. పుట్టిన దగ్గర్నుంచీ మనిషి తన ముఖాన్ని చూసుకునేది అద్దంలోనే కదా, అద్దంలో ఉన్నట్టు ఉంటేనే నమ్మకం. చిన్నపిల్లలు మాత్రం ఎప్పుడూ ఆ మాట అనరు. "ఇదుగో నేను!" అని తెర మీద వేలు పెట్టి మరక చేస్తారు.

ఈ కిటుకు నేర్పింది ఆవిడ మేనమామ. కెమెరా పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. "తిప్పిన బొమ్మ చూపించు. వాళ్ళ మనసు కుదుటపడ్డాక మళ్ళీ సరిచేసి, సరైందే చేతికియ్యి. తిప్పింది మాత్రం గుమ్మం దాటకూడదు" అనేవాడు. ఎందుకు మావయ్యా అంటే చెప్పేవాడు కాదు. ఒకసారి పొరపాటున ఎవరికో తిప్పిన బొమ్మే వెళ్ళిపోతే, జోరువానలో వాళ్ళింటికి పోయి, బతిమాలి, దాన్ని వెనక్కి తెచ్చి కాల్చేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. అక్కడ ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయి చాలాకాలమైంది గానీ, ఆవిడ ఆ మాట ఏనాడూ జవదాటలేదు.

దాటించింది ఆవిడ భర్త.

ఆయన ఫొటోలు తీయడు. ఫోన్లు, బేరాలు, ప్రింట్లకి పంపడం, అందరికీ అందజేయడం ఆయన పని. ఇద్దరూ కలిసి నిలబెట్టుకున్న స్టూడియో అది. "మా ఆయన చెయ్యి పడితే ఇంక నేను చూసుకోనక్కర్లేదు" అని ఆవిడ అందరితో గొప్పగా చెప్పుకునేది. నిజంగానే చూసుకునేది కాదు.

స్టూడియో ముందున్న అద్దాల గోడకి ఈ మధ్య పెద్ద బొమ్మ ఒకటి పెడదామన్నాడాయన. ఎవరిదో ఎందుకు, నీదే పెడదామన్నాడు. ఆవిడ మురిసిపోయి, తన ఫొటో తనే తీసుకుంది. అదే రోజు కూతురికి బడి కార్డు కోసం కూడా ఒకటి తీసింది. ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. నిద్రపోతే తప్ప ఆ నోరు మూతపడదు మరి. అప్పుడే కుడివైపు పైపన్ను ఊడింది, ఆ సందులోంచి నాలుక బయటపెట్టి కెమెరాని వెక్కిరించింది.

రెండు బొమ్మలూ ప్రింటుకి పంపింది ఆయనే. పెద్ద బొమ్మ అద్దానికి అతికించాక ఆవిడ రోడ్డు మీద నిలబడి చూసి, నిలువునా ఆగిపోయింది. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడ్డప్పుడు ఆవిడ ఎడమ కనుబొమ్మ చీలింది, ఆ గాటు ఇప్పటికీ ఉంది. బొమ్మలో అది కుడి కనుబొమ్మ మీదుంది.

"ఏమండీ, ఇది తిప్పిన బొమ్మ!"

"తెలుసు. తెలిసే పంపా."

"మావయ్య ఏమన్నాడో మీకు చెప్పానా, లేదా?"

"చెప్పావులే. పోయినాయన మాట పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతావు? ఇందులో నవ్వు చూడు, ఎంత చల్లగా ఉందో! అసలుదాంట్లో ఎవర్నో నిలదీస్తున్నట్టున్నావు." ఆయన జేబులోంచి బడి కార్డు తీసి ఊపాడు. "ఇదుగో, పిచ్చుకది కూడా దాంతోపాటే చేయించా. రెండూ ఒక్క దెబ్బకి అయిపోయాయి."

ఆవిడ మనసు చివుక్కుమంది. కానీ లోపల ఏదో కంపెనీ వాళ్ళు కోట్లు వేసుకుని వరసగా కూర్చుని ఉన్నారు. తర్వాత తేల్చుకుందామనుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత పనిలో పడి మరిచిపోయింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిచ్చుక పాపిడి ఎప్పుడూ ఉండే వైపు కాకుండా రెండోవైపుంది.

"ఎవరే నీకిలా దువ్వింది?"

"నువ్వే కదమ్మా!"

"నేనెప్పుడే?"

పిచ్చుక తండ్రి వైపు చూసింది. ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. ఈయనే దువ్వి ఉంటాడు, పిల్ల కోతలు కోస్తోందని ఆవిడ నవ్వేసుకుంది.

మరోనాడు అత్తగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, మొన్న నేను మీ ఇంటికొచ్చిన మధ్యాహ్నం నాతో ఎంతసేపు కూర్చున్నావే! ఒక్కసారైనా విసుక్కున్నావా! నా కోడలు మారిందని అందరికీ చెబుతున్నా" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ ఊరవతల ఒక ఆఫీసులో ఫొటోలు తీస్తోంది. భర్తనడిగితే, "అమ్మకి మతిమరుపు ఎక్కువవుతోంది, పట్టించుకోకు" అన్నాడు. ఆయన అన్నాడు కాబట్టి నమ్మింది.

కానీ ఇంట్లో ఏదో తేడాగా ఉండేది. అల్మరాలో టీ కప్పుల చెవులన్నీ ఎడమవైపుకి తిరిగి ఉండేవి. కూరలు తరిగే కత్తి గట్టుకి అవతలి పక్కన కనిపించేది. అన్నిటికంటే ఆ వాసన... రాత్రి తల వాల్చగానే తన దిండు మీంచి సన్నగా వచ్చేది. ఉతికిన గుడ్డ వాసన కాదు, నూనె వాసన కాదు. అప్పుడే విప్పిన కొత్త ప్రింటు వాసన.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. ఒక ఆఫీసులో చేయాల్సిన ఫొటోలు పెద్దాయన రాక ఆగిపోయాయి. సామాన్లు స్టూడియోలో పడేసి, చీకటి పడుతుండగానే ఆవిడ ఇంటికి బయల్దేరింది. ఎప్పుడోగాని దొరకని సాయంత్రం, పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కబుర్లు వినాలనుకుంది. మెట్ల మీద దీపం వెలగలేదు. గోడలు చెమ్మ పట్టి చల్లగా ఉన్నాయి. ఎవరింట్లోనో కుళాయి కారుతోంది. పై మెట్టు మీదకి వచ్చేసరికి ఆ వాసన గుప్పుమంది... కొత్త ప్రింటు వాసన, తడికి ముదిరి ముక్కు పుటాల్లో అంటుకునేంత గాఢంగా.

తలుపు ఓరగా తీసి ఉంది. ఆవిడ చెయ్యి తలుపు మీద పడబోయి ఆగింది.

లోపల నేల మీద పిచ్చుక కూర్చుని ఉంది. వెనక పీట మీద ఎవరో ఆడమనిషి, జుట్టు దువ్వుతోంది. ఆ చీర తనది. ఆ ముడి తనది. ఆ మెడ, కాస్త వంగిన ఆ వీపు... తనవే.

దువ్వెన ఎడమ చేతిలో ఉంది.

ఎదురుగా కుర్చీలో ఆవిడ భర్త, ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. అలా హాయిగా నవ్వి ఎన్నాళ్ళైందో. నవ్వుతూ నవ్వుతూ తలెత్తి, తలుపు సందులో ఆవిడని చూశాడు.

ఉలిక్కిపడలేదు.

మెల్లిగా లేచాడు. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. అడుగులో అడుగేసుకుంటూ బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా వెనక్కి లాగాడు.

"ఇవాళ తొందరగా వచ్చేశావే..." అన్నాడు గుసగుసగా.

"లోపల... ఎవరండీ అది?"

ఆయన తలుపుకి అడ్డంగా జరిగాడు.

"మీకు తెలుసా?"

"నెమ్మదిగా... వింటుంది."

"ఎప్పట్నుంచి?"

"బొమ్మ పెట్టిన మర్నాటి నుంచి." ఆయన నేలచూపులు చూశాడు. "మొదట్లో నాకూ ప్రాణాలు పోయినంత పనైంది. తర్వాత... కసురుకోదు. ఏదీ అడగదు. ఇంటిపట్టునే ఉంటుంది. నువ్వొచ్చే వేళకి వెళ్ళిపోతుంది. నీకేం లోటు చేసింది, చెప్పు?"

అంతవరకూ ఆవిడకి భయం తప్ప ఇంకేమీ లేదు. ఆ మాటతో భయం కూడా చిన్నదైపోయింది. లోపలున్నది దెయ్యమో భూతమో ఆవిడకి తెలియదు. దానికి తనెవరూ కాదు, అది తనకేమీ బాకీ లేదు. కానీ ఈ మనిషి! దానితో కూర్చుని నవ్వి, దాని చేతికి బిడ్డ తలనిచ్చి, రాత్రి ఏమీ ఎరగనట్టు తన పక్కన వచ్చి పడుకున్నాడు. తల్లికి మతిపోయిందని కూడా తనని నమ్మించాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆవిడకి ఆ మెట్ల చీకట్లో తెలిసింది.

ఆయన్ని పక్కకి తోసి లోపలికి వెళ్ళింది.

అది తల తిప్పింది.

కుడి కనుబొమ్మ మీద గాటు. కాస్త దించిన గడ్డం. పెదాల మీద ఆ చల్లని నవ్వు... ఎన్నోసార్లు సరిదిద్దుకుని తను కెమెరాకి ఇచ్చిన నవ్వు. ఆ నవ్వు తగ్గలేదు, పెరగలేదు. దువ్వెన ఆగలేదు.

ఆవిడ పిచ్చుక చెయ్యి పట్టుకుని లాగింది. అది అడ్డుపడలేదు. రెండు చేతులూ వెనక్కి తీసుకుని దారిచ్చింది.

"ఆగు!" భర్త గొంతు కీచుగా వచ్చింది. "ఆ పిల్లని... ముందు నా మాట విను!"

ఇంకా వినడానికేముంది? పిల్లని చంకనేసుకుని ఆవిడ మెట్ల మీదకి ఉరికింది. వెనక, లోపలి గదిలోంచి టకటకా చప్పుడు... వానకి కిటికీ రెక్క కొట్టుకుంటోందనుకుంది. ఆగలేదు.

వీధులన్నీ నీళ్ళు. చెప్పులెక్కడో పోయాయి. పిచ్చుక కిక్కురుమనకుండా మెడకి కరుచుకుని ఉంది. ఆ వాగుడుకాయ నోట ఒక్క మాట లేదు. పసిది జడుసుకుందని ఆవిడ గుండె తరుక్కుపోయింది. "నేనున్నా తల్లీ, నేనున్నా" అంటూనే స్టూడియో చేరి, తాళం తీసి, ముందుగా ఆ బొమ్మ మీద పడింది. గోళ్ళతో అంచు లేపింది. పట్టి లాగింది. చేతికందినంత ముక్క చొప్పున చించి నేలకేసి కొట్టింది. ఏడుస్తూనే చించింది.

అలిసిపోయి వెనక్కి తిరిగేసరికి, పిచ్చుక స్టూలెక్కి కూర్చుని ఉంది. బూడిదరంగు తెర ముందు, వీపు నిటారుగా పెట్టుకుని.

ఆవిడ పిల్ల తల తుడిచింది. పొడి తువ్వాలు కప్పింది. పిల్ల ఇంకా మాట్లాడలేదు. నవ్వించాలని ఆవిడ గొడుగు లైటు వేసి, కెమెరా తీసుకుంది. "ఏదీ, నా పిచ్చుక ఒకసారి నవ్వుతుందా? గడ్డం కాస్త దించవే..."

పిల్ల గడ్డం దించింది. సరిగ్గా ఎంత దించాలో అంతే.

నవ్వింది. కెమెరా చప్పుడైంది. ఫొటో కంప్యూటర్ తెర మీద వెలిగింది.

పిచ్చుక స్టూలు దిగి వచ్చి, దాన్ని చాలాసేపు చూసింది. ఇంటినుంచి బయల్దేరాక మొదటిసారి నోరు విప్పింది.

"ఇది నేను కాదు."

ఆవిడ వేలు అలవాటుగా మీట మీదకి పోయింది... అక్కడే బిగుసుకుపోయింది.

"తిప్పు" అంది పిల్ల.

నవ్వుతున్న ఆ నోట్లో పన్ను ఊడిన సందు ఉంది. ఎడమవైపు ఉంది. మెడలో తడిసిన బడి కార్డు వేలాడుతోంది. కార్డు మీద బొమ్మలోనూ సందు ఎడమవైపే ఉంది. రెండూ ఒక్క దెబ్బకి అయిపోయాయన్న మాట ఆవిడ చెవుల్లో మోగింది.

ఇందాక ఇంట్లో లోపలి గదిలోంచి విన్న ఆ టకటకా చప్పుడు... ఆ గదికి కిటికీ లేదు. తలుపు ఒకటే ఉంది. గడియ బయటినుంచి ఉంటుంది. ఆ చప్పుడు తలుపు పైభాగంలోంచి రాలేదు. మోకాలెత్తునుంచి వచ్చింది.

ఆవిడ భర్తకి ఫోన్ చేసింది. మోగుతూ ఉంటే, కాళ్ళ దగ్గర తను చించి పారేసిన ముక్కలకేసి చూసింది. అన్నీ వెలికిలా పడి ఉన్నాయి. ఏ ముక్క మీదా కన్ను లేదు, పెదవి లేదు, చీర లేదు. అన్నిటి మీదా ఉత్త బూడిదరంగు తెరే ఉంది.

అటువైపు ఫోనెత్తారు.

"పిచ్చుక... పిచ్చుక ఎక్కడండీ?"

ఆయన వెనక ఎక్కడా చప్పుడు లేదు. తలుపు కొడుతున్న చప్పుడు కూడా లేదు.

"ఇప్పుడే ఏడుపు ఆపింది" అన్నాడు గుసగుసగా. "వాళ్ళమ్మ దగ్గరుంది. మళ్ళీ చెయ్యకు."

ఫోన్ పెట్టేశాడు.

వెనకనుంచి చల్లటి చిన్న చెయ్యి ఒకటి ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"అమ్మా... జడ వెయ్యవా?"

రెండో చేతిలో దువ్వెన ఉంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆ పిల్ల చేతుల్లో ఏమీ లేదు.