కాలు విరిగిన కుర్చీల పేజీ

“సర్వర్ బాబూ, ఆయన ఏమన్నారో తెలుసా?”

ఆ ఉదయం ఆమె నోట ‘ఆయన’ అన్న మాట రావడం అది పదకొండోసారి. నేను లెక్కపెడుతున్నాను.

మాది ఫర్నిచర్ అమ్మే వెబ్‌సైటు. పేజీలకు మాటలు రాసేది ఆమె, సర్వర్ చూసుకునేది నేను. రెండేళ్లుగా ఏ సందేహమొచ్చినా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేది. సెర్చ్‌లో మా షాపు పైకి రావాలని మేనేజరు ఒక సలహాదారుణ్ణి పెట్టుకున్న దగ్గర్నుంచీ ఆ కుర్చీ అతని పక్కకు వెళ్లిపోయింది.

“ఏమన్నారట?”

“మన పేజీల అడ్రసులన్నీ అంకెలేనట. నలభై ఏడో నంబరు పేజీ అంటే ఎవరికి తెలుస్తుంది? అదే ‘టేకు మంచం’ అని ఉంటే మనిషికీ అర్థమవుతుంది, సెర్చ్‌కీ అర్థమవుతుంది.”

“ఈ మాట నేను పోయినేడాదే చెప్పాను.”

“నువ్వు గొణిగావు. ఆయన చెప్పారు.”

నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక జాబితా నా ముందు పెట్టి వెళ్లింది. ఒకవైపు పాత అడ్రసులు, ఇంకోవైపు కొత్తవి. పాతదానికి వచ్చినవాళ్లను కొత్తదానికి మళ్లించడం నా పని. చివరి వరుసలో ఉన్నది సలహాదారు గురించి ఆమె రాసిన పరిచయం పేజీ. తెరిచి చదివాను. ‘ఓపికగా వింటారు, నవ్వుతూ చెబుతారు’ అట. రెండేళ్లలో నా గురించి ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు.

అప్పుడే మేనేజరు అటుగా వెళ్తూ చల్లగా ఒక కబురు చెప్పాడు. సలహాదారు ఆమెను తన ఆఫీసులో చేరమన్నాడట. సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పాలట.

ఇక నా చేతులు నా మాట వినలేదు. అతని పేజీ అడ్రసును కాలు విరిగిన కుర్చీల రిపేరు పేజీకి మళ్లించాను. పైగా ‘శాశ్వతం’ అని పెట్టాను. ఒక్క నిమిషం కసితీరా చూసుకుని, బుద్ధొచ్చి తీసేశాను. ఎవరూ చూడలేదనే అనుకున్నాను.

మధ్యాహ్నం వాన మొదలైంది. ఆమె లాప్‌టాప్ పట్టుకుని వచ్చి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. నేను సంతోషపడేలోపే స్క్రీన్ ఇటు తిప్పింది.

“అందరికీ ఆయన పేజీ వస్తోంది. నాకు మాత్రం విరిగిన కుర్చీ వస్తోంది. ఎందుకు?”

శాశ్వతం అని పెడితే బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. సర్వర్‌లో తీసేసినా, మళ్లీ సర్వర్‌ను అడక్కుండా అక్కడికే పోతుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. ఆ ఒక్క నిమిషంలో ఆ పేజీ తెరిచింది ఈవిడే అన్నమాట.

“వానకి నెట్ సరిగ్గా లేదేమో.”

“నా మొహం చూసి చెప్పు.”

చూశాను.

“నేనే చేశాను. పొద్దున్నించీ నువ్వు అతని జపం చేస్తుంటే కుళ్లుకుని చచ్చాను. నువ్వెళ్లిపోతే నేనిక్కడ ఉండలేను. నువ్వంటే ఇష్టం నాకు. రెండేళ్ల నుంచీ. మా అక్కకి కూడా తెలుసు.”

“మీ అక్కకి చెప్పావు గానీ నాకు చెప్పలేదు.”

“భయమేసింది.”

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది.

“ఆయన, ఆయన అని ఎన్నిసార్లు అన్నాను?”

“పదిహేడు.”

“నీ మొహం మాడుతుందేమో చూద్దామని అన్నాను. మాడిందే గానీ నోరు పెగల్లేదు. నన్ను ఆపేవాళ్లెవరూ లేరు, వెళ్లిపోదామనే అనుకున్నాను.”

ఫోన్ తీసి సలహాదారుకు మెసేజ్ కొట్టింది. నాకు కనిపించేలాగే కొట్టింది. ‘రాలేనండీ, ఏమీ అనుకోకండి.’

ఏదో ఒక మంచి పని చేద్దామని లాప్‌టాప్ వైపు చెయ్యి చాపాను.

“ఇటివ్వు, అది గుర్తుపెట్టుకున్నదంతా తుడిచేస్తాను.”

ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది.

“ముట్టుకున్నావంటే ఊరుకోను. రేపు పెళ్లయ్యాక నువ్వెప్పుడైనా పెద్దమనిషిలా పోజు కొడితే, మీ అక్క ముందు ఇదే తెరిచి చూపిస్తా.”