పేదల జాబితాలో మా ఆయన

మా ఆయన్ని నేను మొదటిసారి చూసిన చూపులో ప్రేమ లేదు. కుట్టుమిషన్ ఉంది.

ఆ ఏడు రాష్ట్ర ఖజానాలో డబ్బు మిగిలింది. పేద కుటుంబాలకు పంచుదామన్నారు. ఎవరు పేదో తేల్చే ఫారం ఆర్థిక శాఖలో ఈయన రాశారు: ఇంట్లో ఏ మిషను ఉన్నా పేదలు కారట! ఇంటింటికీ తిరిగి దాన్ని నింపే సర్వే ఉద్యోగం నాది.

వానలో తడుస్తూ ఆయన ఆఫీసుకెళ్లాను.

"ఈ ఫారం రాసిన మహానుభావుడు మీరేనా?"

"అవునండీ," అన్నారు, పొగడ్త అనుకుని.

"మా వార్డులో ఒకావిడ బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. మిషనుంది కాబట్టి డబ్బున్నావిడట! అమ్మేస్తే జాబితాలోకి ఎక్కుతానా అని అడుగుతోంది. రేపే ఆఖరి రోజు. ఏం చెప్పమంటారు?"

ఆయన నోరు తెరిచేలోపే సంచిలోంచి ఖాళీ ఫారం తీశాను.

"సరే, మీ వివరాలు చెప్పండి. స్టవ్?"

"హోటల్లో తింటానండీ."

"మంచం?"

"చాప."

"ఫ్యాన్?"

"ఉంది. తిరగదు."

"అభినందనలు సార్! మీరు కడు పేదవారు."

"నాకు జీతముందిగా!"

"జీతానికి గడి ఎక్కడ పెట్టారు?"

పక్క సీట్లవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను విజయగర్వంతో వెనక్కి తిరిగి, తడి చెప్పు జారి, ఫైళ్ల మీద కూలబడ్డాను.

ఆయనే చెయ్యిచ్చి లేపారు. "ఆవిణ్ణి మిషను అమ్మొద్దనండి," అని నేను నింపిన ఫారంతో పెద్దసారు గదిలోకి వెళ్లారు.

"తప్పు రాశాను సార్. రుజువు నేనే."

పెద్దసారు చదివి, "ముందు ఫ్యాన్ బాగుచేయించుకోవయ్యా," అన్నారు. బతుకుతెరువు మిషన్లను లెక్క నుంచి తీసేసి సంతకం పెట్టారు.

మా పెళ్లిబట్టలు కుట్టింది ఆ మిషనే. అంతకుముందు ఒకరోజు ఈయన అదే ఫారంతో వచ్చి, "ఒక గడి వదిలేశారు. ఇంట్లో మనుషులెందరు?" అన్నారు.

"ఎందరు?"

"మీరు ఊ అంటే ఇద్దరు."

ఎంత బెట్టు చేద్దామనుకున్నానో! చెయ్యి అప్పటికే "రెండు" రాసేసింది.

పెళ్లయి పాతిక రోజులు. స్టవ్ వచ్చింది, మంచం వచ్చింది, ఫ్యాన్ తిరుగుతోంది. నిన్న నేను అన్నం మాడ్చాను. ఆయన గిన్నె అడుగు గీకుతూ గంభీరంగా అడిగారు.

"స్టవ్?"

"ఉంది."

"భోజనం?"

"లేదు."

"అభినందనలు మేడమ్!"